రోస్టింగా, బ్యాక్టీరియానా? మొండి బంగారు ఖనిజంపై చర్చ

గనిబాట:
ఆర్సెనోపైరైట్ (ఇనుము, ఆర్సెనిక్, గంధకం కలిసిన సల్ఫైడ్) ఎక్కువున్న ఖనిజం అనుకుందాం. ఎంత మెత్తగా నూరినా, బంగారాన్ని కరిగించే సైనైడ్‌కి సగం బంగారం కూడా లొంగడం లేదు. బంగారం సల్ఫైడ్ లోపలే ఇరుక్కుపోయి ఉంది కాబట్టి ముందు ఆ సల్ఫైడ్ పని పట్టాలి. నా ఓటు రోస్టింగ్‌కే, అంటే కాల్చడానికే. కాన్సంట్రేట్‌ని (వ్యర్థ రాయి తీసేసి చిక్కబరిచిన ఖనిజాన్ని) కాలిస్తే గంటల్లో అయిపోతుంది. సల్ఫైడ్‌ని తినే బ్యాక్టీరియాని మేపుతూ కూర్చునే ఓపిక ఎవరికుందండీ?

మిల్లుమాట:
గంటల్లో అయ్యేది కాల్చడం ఒక్కటే. మరి ఆ పొగ సంగతి? కెనడాలో ఎల్లోనైఫ్ పక్కన జెయింట్ మైన్‌లో 1999 దాకా దశాబ్దాల పాటు ఇలాంటి ఖనిజాన్నే కాల్చారు. పొగలోంచి పట్టిన ఆర్సెనిక్ ట్రైఆక్సైడ్ పొడి 2,37,000 టన్నులు ఇప్పటికీ గని కింద గదుల్లోనే ఉంది. నీళ్లలో కరిగే విషం అది. బయటికి రాకుండా చుట్టూ ఉన్న రాయిని గడ్డకట్టించే పని నడుస్తోంది, ఖర్చు ప్రభుత్వం నెత్తిన.

బ్యాక్టీరియా దారిలో ఆర్సెనిక్ ద్రావణంలోకి వస్తుంది. సున్నం వేస్తే ఫెర్రిక్ ఆర్సెనేట్‌గా అడుగుకి దిగుతుంది, అది అంత తేలిగ్గా కరగదు. దక్షిణాఫ్రికాలో బార్బర్టన్ దగ్గరి ఫెయిర్‌వ్యూ గనిలో 1986లోనే మొదలైన పద్ధతి ఇది. దాదాపు 40 డిగ్రీల దగ్గర, గాలి ఊదుతూ, నాలుగైదు రోజులు ట్యాంకుల్లో ఉంచుతారు. సల్ఫైడ్ ఆక్సీకరణలో వేడి దానంతటదే పుడుతుంది, తంటా అంతా చల్లబరచడంలోనే.

గనిబాట:
అసలు తంటా చెప్పలేదు మీరు. సల్ఫర్ పూర్తిగా సల్ఫేట్ కాకపోతే సైనైడ్‌తో కలిసి థయోసైనేట్ అనే వేరే పదార్థం అవుతుంది. సైనైడ్ బిల్లు పెరుగుతుంది. పైగా ఆ నీళ్లు మళ్లీ ట్యాంకుల్లోకి వెళ్తే బ్యాక్టీరియా చచ్చి ఊరుకుంటుంది. అంటే రెండు నీళ్ల సర్క్యూట్లు వేరువేరుగా నడపాలి. మన రాయలసీమలో జొన్నగిరి, రామగిరి వైపు ఇలాంటి ప్లాంటు పెట్టాలంటే ఆ నీళ్లు ఎక్కడినుంచి తెస్తారు?

రాళ్లపిచ్చి:
మీ ఇద్దరి గొడవలో కార్బన్ మాటే రాలేదు. ఖనిజంలో సహజంగా ఉన్న కార్బన్, సైనైడ్‌లో కరిగిన బంగారాన్ని మళ్లీ లాగేసుకుంటుంది. బ్యాక్టీరియా సల్ఫైడ్‌ని తింటుంది గానీ దీని జోలికి పెద్దగా పోదు. నెవాడాలోని గోల్డ్‌స్ట్రైక్‌లో ఆటోక్లేవులు (అధిక పీడనంలో ఆక్సిజన్‌తో సల్ఫైడ్‌ని విరగ్గొట్టే పాత్రలు) ఉండగానే 2000లో రోస్టర్ కట్టుకున్నది ఈ కార్బన్ ఖనిజం కోసమే. కాలిస్తే సల్ఫైడ్, కార్బన్ రెండూ పోతాయి. అయితే పొగ శుద్ధి చేసే యూనిట్లు పక్కనే ఉండి తీరాలి. జెయింట్ మైన్ కాలం కాదిది.

మిల్లుమాట:
కార్బన్ ఉంటే లెక్క వేరే, సరే. గనిబాట గారి ఖనిజంలో ఉందని ఎవరన్నారు?

రాళ్లపిచ్చి:
తేల్చుకోవడం కష్టం కాదు. రెండు సీసాల్లో ఒకే నమూనా, ఒకే మోతాదు సైనైడ్. ఒకదాంట్లో మాత్రం యాక్టివేటెడ్ కార్బన్ కూడా వేసి రెండింటినీ రోలర్ మీద తిప్పండి. మనం వేసిన కార్బన్ కరిగిన బంగారాన్ని ముందే పట్టేస్తుంది. అందుకే ఆ సీసాలో రికవరీ (చేతికొచ్చే బంగారం) బాగా ఎక్కువ వస్తే ఖనిజంలో దొంగ ఉన్నట్టే. రెండింటిలోనూ ఒకేలా తక్కువ వస్తే అది సల్ఫైడ్ గోలే.

గనిబాట:
దొంగ దొరికితే రోస్టరే, ఇక వాదన లేదు. దొరక్కపోతే పొగ శుద్ధి ఖర్చు, నీళ్ల ఖర్చు పక్కపక్కన వేసుకుని మిల్లుమాట గారితో మళ్లీ తగువుకొస్తా.