ఏళ్లుగా రక్తం ఇస్తున్నాను, లివర్ జబ్బు ఎందుకు బయటపడలేదు?

ప్రశ్న:
చాలా ఏళ్లుగా రక్తదానం చేస్తున్నానండీ. ప్రతిసారీ పరీక్షలన్నీ నెగిటివ్ అనేవారు, దాంతో లివర్‌కి ఢోకా లేదనే ధీమాతో ఉన్నాను. మొన్న వేరే పని మీద స్కానింగ్ తీయిస్తే ఫ్యాటీ లివర్ అన్నారు, ఫైబ్రోస్కాన్‌లో లివర్ గట్టిపడటం మొదలైందని కూడా తేలింది. ఇన్నిసార్లు పరీక్షించినా ఇది కనపడలేదా? నా రక్తం ఎక్కించుకున్నవాళ్లకి ఏమన్నా అవుతుందేమోనని ఒకటే టెన్షన్.

జవాబు 1:
ముందు ఆ భయం వదిలేయండి, ఫ్యాటీ లివర్ రక్తం ద్వారా అంటుకునేది కాదు. నేను బ్లడ్ బ్యాంక్ ల్యాబ్‌లోనే పనిచేస్తాను. బ్యాగ్‌తో పాటు చిన్న ట్యూబుల్లోకి కూడా కాస్త రక్తం తీస్తారు చూడండి, పరీక్షలు చేసేది దానికే. వెతికేది హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ లాంటివి, అంటే ఎక్కించుకునేవాళ్లకి సోకేవి. మీ లివర్ ఎలా ఉందో చెప్పడానికి కాదు. ఒకప్పుడు కొన్ని దేశాల్లో ఏఎల్‌టీ (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) కూడా చూసేవారు, ఎందుకంటే హెపటైటిస్ సి వైరస్‌ని 1989 దాకా గుర్తించనే లేదు, ఏఎల్‌టీ ఎక్కువున్న రక్తాన్ని పక్కన పెట్టడం తప్ప పెద్దగా దారి లేదు. నేరుగా ఆ వైరస్ కోసం పరీక్షలు వచ్చాక చాలాచోట్ల మానేశారు.

జవాబు 2:
ఆ ఏఎల్‌టీ పరీక్ష చేసినా మీది దొరికేదని చెప్పలేం, అది నార్మల్‌గా ఉన్నవాళ్లలోనూ ఫైబ్రోసిస్, అంటే లివర్ గట్టిపడటం, ఉంటుంది. వయసు, ఏఎస్‌టీ (ఇదీ అలాంటి ఎంజైమే), ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు, ఈ నాలుగింటితో లివర్ ఎంత గట్టిపడిందో అంచనా వేసే ఫిబ్-4 స్కోరు వేస్తారు, డాక్టర్ని అడగండి. షుగర్ కూడా చూపించుకోండి.

జవాబు 3:
నాకు హెపటైటిస్ సి ఉన్నట్టు రక్తం ఇచ్చాకే తెలిసింది, అప్పటిదాకా ఒంట్లో ఏ నలతా లేదు. మొదటి పరీక్షలో రియాక్టివ్ (వైరస్‌కి ఎదురుగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు ఉన్నట్టు) అన్నంత మాత్రాన జబ్బు ఖాయం కాదు, నేరుగా వైరస్‌నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో ఉందని తేలాకే మందులు మొదలుపెట్టారు. 12 వారాల మాత్రలతో పూర్తిగా పోయింది. యాంటీబాడీలు మాత్రం ఉండిపోతాయి కాబట్టి ఇక రక్తం ఇవ్వలేను. కొన్నిచోట్ల అలాంటి బ్యాగ్ పారేసి ఊరుకుంటారట, దాతకి కబురే పెట్టరట, ఇది మాత్రం నాకు అస్సలు మింగుడుపడదు. వైద్యం ఉన్న జబ్బుని మనిషికి చెప్పకుండా ఎలా వదిలేస్తారు? ఇంకోటి, టెస్టు ఊరికే అయిపోతుందని రక్తం ఇవ్వడానికి వెళ్లకండి. వైరస్ సోకిన కొత్తలో న్యాట్‌కి (వైరస్ జన్యుపదార్థాన్ని నేరుగా వెతికే పరీక్షకి) కూడా దొరకని రోజులు కొన్ని ఉంటాయి, ఆ బ్యాగ్ నేరుగా రోగికే వెళ్తుంది.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ, మనసు కుదుటపడింది. మరి నేను మళ్లీ ఇవ్వొచ్చా?

జవాబు 1:
ఫైబ్రోసిస్ అన్నారు కాబట్టి లివర్ డాక్టర్ సరేననేదాకా ఆగండి. ఆ తర్వాత వెళ్లినా ఫారంలో ఈ సంగతి దాచకుండా రాయండి, తీసుకోవాలో వద్దో అక్కడి డాక్టరే చెప్తారు.