‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’ – ఇందులో ‘తాను’ ఎవరు?

పర్లాకిమిడి, లా విద్యార్థిని:
గ్రూపు పెద్దలందరికీ నమస్కారం. బరంపురంలో లా చదువుతున్నాను. ఇప్పుడు జూరిస్‌ప్రుడెన్స్ (అసలు చట్టమంటే ఏమిటని చర్చించే శాస్త్రం) పేపరు నడుస్తోంది. ‘చట్టం చేసే పనులు’ అని ఒక పాఠం, దాని వెనకే సిద్ధాంతాల బారు. పుస్తకం ఇంగ్లీషు, క్లాసులో సగం ఒడియా, లోపల అనుకునేది తెలుగు. చదువుతుంటే మన పేపర్లలో తరచూ కనబడే మాట ఒకటి పట్టుకుని వదలడం లేదు: ‘చట్టం తన పని తాను చేసుకుపోతుంది’. ఎవరి మీద కేసు పడ్డా నాయకులు ఇదే అంటారు. ఇక్కడి ఒడియావాళ్లు ‘ఆఇన తా బాటరే జిబ’ అంటారు, దాని బాటన అది పోతుందని. మనది సొంత నుడికారమేనా? ఆ ‘పని’ ఏమిటో చెప్పగలవాళ్లున్నారా?

గుణుపురం, తెలుగు మాష్టారు:
అమ్మా, చట్టం తన దారిన నడుస్తుందనే మాట ఇంగ్లీషులో పాతదే. ఒడియా ఆ దారిని అలాగే ఉంచింది. మనవాళ్లు దారి తీసేసి పని పెట్టారు. భావం అరువుదే కావచ్చు గానీ, ఒంటి మీద బట్ట మాత్రం మనది.

‘పాపం, ఎవరి జోలికీ పోడు, తన పని తాను చేసుకుపోతాడు’ అని ఎవర్ని అంటాం? నోట్లో నాలుక లేనివాణ్ణి. తలొంచుకుని వెళ్లేవాణ్ణి. ఆ మెప్పును తీసుకెళ్లి చట్టానికి అంటించారు. మనుషుల జోలికి పోవడమే బతుకుతెరువైన చట్టం ఎవరి జోలికీ పోని సాధువైపోయింది! నాయకుడికి కావలసింది కూడా అదే. ‘నా చేతిలో ఏమీ లేదు’ అనడానికి ఇంతకంటే మర్యాదైన మాట లేదు.

ఇక క్రియ చూడు. ‘వండింది’ వేరు, ‘వండుకుంది’ వేరు. ‘కొను’ చేరితే పని ఫలం చేసినవాడికే. ‘పోవు’ చేరితే ఆగకుండా సాగడం: చెప్పుకుపోయాడు, రాసుకుపోయాడు. అంటే వ్యాకరణం ప్రకారం ఆ వాక్యంలో చట్టం తన కోసం తాను, ఎవరి కోసమూ ఆగకుండా, పని చేసుకుంటోంది. జనం ఊసే లేదు. ‘తాను’ మాత్రం రెండుసార్లు ఉంది. ఆ తాను ఎవరో ప్లీడరుగారు చెప్పాలి.

బరంపురం, ప్లీడరు:
చిత్తం మాష్టారూ. అమ్మాయీ, పరీక్షకు కూడా పనికొస్తుంది, విను. ఏ సిద్ధాంతకర్తనైనా పట్టుకుని ‘ఈ వాక్యంలో తాను ఎవరండీ’ అని అడుగు. ఒక్కొక్కరు ఒక్కో మనిషిని చూపిస్తారు. సిద్ధాంతాల మధ్య తగువంతా అక్కడే ఉందని నా అభిప్రాయం. ‘పనుల’ జాబితా బట్టీ పట్టినంత మాత్రాన ఆ తగువు అర్థం కాదు.

ఇంగ్లీషు న్యాయ పండితుడు జాన్ ఆస్టిన్ 1832లో అచ్చువేసిన ఉపన్యాసాల్లో చెప్పింది సూటిగా ఉంటుంది: చట్టమంటే సార్వభౌముడి ఆజ్ఞ, మీరితే శిక్ష. ‘రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా’ అన్న సామెతకు లండన్‌లో నల్లకోటు తొడిగితే ఆస్టిన్. కాకపోతే మన సామెతలో ఎత్తిపొడుపుంది, ఆయన దగ్గర అది లేదు. ఆయన లెక్కలో తాను అంటే పైన కూర్చున్నవాడు, పని అంటే అదుపు.

1961లో ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసరు హార్ట్ దీన్ని పట్టుకున్నాడు. తుపాకీ చూపించి పర్సు తియ్యమన్నవాడిదీ ఆజ్ఞే కదా, దాన్ని చట్టమంటామా అని. పైగా చట్టంలో ఎంతో భాగం ఆజ్ఞలే కాదు. వీలునామా మీద ఇద్దరు సాక్షుల సంతకాలు లేకపోతే అది చెల్లదు, అంతే. పోలీసులు రారు. ఆస్తి ఎవరికివ్వాలో, ఎవరితో ఒప్పందం చేసుకోవాలో, ఎవర్ని దత్తత తీసుకోవాలో నువ్వే నిర్ణయించుకునే వీలు చట్టం కల్పిస్తోంది. నా దగ్గరికొచ్చే కాగితాల్లో సగం ఈ రకమే. చట్టం పని అంటే జైలు ఒక్కటే అనుకునేవాళ్లు ఒకసారి రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో నిలబడి చూడాలి.

అమెరికావాళ్లు మరీ మొహమాటం లేకుండా మాట్లాడారు. చట్టం తెలియాలంటే చెడ్డవాడి కళ్లతో చూడమని జడ్జి హోమ్స్ 1897లో అన్నాడు. వాడికి నీతి అక్కర్లేదు, కోర్టు ఏం చేస్తుందన్నదే కావాలి. కోర్టు బయట టీ కొట్టు దగ్గర మా క్లయింట్లు అడిగేదీ అదే: ‘ఆ జడ్జిగారు ఎలా ఇస్తారండీ?’ తగవుల విషయంలో అధికారులు ఏం చేస్తారో అదే చట్టం అని లా ప్రొఫెసరు లెవెలిన్ 1930లో రాసేశాడు. తర్వాత అతనే ‘చట్టం పనులు’ అని పేరు పెట్టి మరీ ఒక లెక్క కట్టాడు: వచ్చిన తగువు తీర్చడం, రాకుండా ముందే దారి వెయ్యడం, ఎవరి మాట చెల్లాలో తేల్చడం, గుంపు చెదిరిపోకుండా పట్టి ఉంచడం. నీ పాఠంలో జాబితాలు ఎన్ని ఉన్నా నాకు ఇదే నచ్చుతుంది. ఇది కోర్టులకే కాదు, కులపెద్దలకూ, చేనేత సంఘానికీ వర్తిస్తుంది.

‘తాను’ అంటే నిజంగా చట్టమే అనేవాడు ఒక్క కెల్సెన్, ఆస్ట్రియా న్యాయ పండితుడు. మున్సిపాలిటీ నోటీసుకు బలం మున్సిపల్ చట్టం నుంచి, దానికి రాజ్యాంగం నుంచి, ఆ పైన ఉందని అనుకుని తీరాల్సిన ఒక మూల నియమం నుంచి. రాజూ లేడు, జనమూ లేరు, నీతీ లేదు. నియమం కింద నియమం. మన నాయకులు తెలియకుండానే కెల్సెన్ శిష్యులు.

అమెరికా పండితుడు పౌండ్‌ను వదిలేస్తున్నా. సమాజాన్ని ఇంజినీరులా మలచడం అంటూ మీ పుస్తకం ఎలాగూ పేజీలు నింపి ఉంటుంది.

సహజ న్యాయ సిద్ధాంతం మాత్రం వదలకూడదు. అన్యాయమైన చట్టం చట్టమే కాదన్నది క్రైస్తవ సాధువు అగస్టీన్ కాలం నుంచీ ఉన్న మాట. పుస్తకంలో ఉన్నప్పుడు గాలిలో మేడలా ఉంటుంది. 1976 హెబియస్ కార్పస్ కేసు దగ్గరికి వస్తే మేడ నేల మీదికి దిగుతుంది. ఎమర్జెన్సీలో నిర్బంధించినవాళ్లు కోర్టు తలుపు తట్టడానికి వీల్లేదని అయిదుగురు జడ్జీల్లో నలుగురు తేల్చారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. రాజ్యాంగంలో రాసిన హక్కును ఆపేసినంత మాత్రాన ప్రాణానికీ స్వేచ్ఛకూ దిక్కులేకుండా పోదన్నారు. ఆ తీర్పును 2017లో సుప్రీంకోర్టే కొట్టేసింది. 1976లో చట్టం తన పని తాను చేసుకుపోలేదా? బ్రహ్మాండంగా చేసుకుపోయింది. అందుకే ఆ వాక్యం వింటే నాకు ధీమా రాదు.

జయపురం నుంచి, ఒక సభ్యుడు:
ప్లీడరుగారూ, మా కొండల్లో ఆస్టిన్ నిజంగానే తిరిగాడండి. 1839లో ఇరవై నాలుగో నంబరు చట్టం వచ్చింది. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ భాగాలను మామూలు కోర్టుల పరిధి నుంచి తీసేసి, కలెక్టరుకే గవర్నరు ఏజెంటు హోదా ఇచ్చి, సివిలూ క్రిమినలూ ఆయన చేతిలో పెట్టారు. ‘ఏజెన్సీ’ అనే మాట మనకు అక్కడినుంచి వచ్చిందే. ఏజెంటు పోయి ఎన్నాళ్లయినా ‘ఏజెన్సీ జ్వరం’, ‘ఏజెన్సీ బస్సు’ అంటూనే ఉన్నాం. చట్టం కొండ ఎక్కలేక కింద ఆగిపోయి, ఒక మనిషిని పైకి పంపించింది. అక్కడ ‘తాను’ ఎవరో ఊరందరికీ తెలుసు.

రాయగడ, కిరాణా వ్యాపారి:
నాకు సిద్ధాంతాలు తెలీవు. మా నియమగిరి సంగతి ఎవరూ ఎత్తలేదేం? డోంగ్రియా కొంధులు ఆ కొండ మీద కొలిచే దేవుడు నియమరాజా. పేరులోనే నియమం ఉంది కదండీ. బాక్సైటు తవ్వకం మీద 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, గ్రామసభల్నే అడగమంది, వాళ్ల మతహక్కుల సంగతి కూడా వాళ్లే తేల్చాలని. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 గ్రామసభలు పెడితే పన్నెండూ వద్దన్నాయి. ఇందులో తాను ఎవరు? కోర్టా, 2006 అటవీ హక్కుల చట్టమా, నియమరాజా?

గుణుపురం, తెలుగు మాష్టారు:
షావుకారుగారూ, మీరు తెలీదంటూనే సావిన్యీ అనే జర్మన్ న్యాయ పండితుడి దగ్గరికి తీసుకొచ్చారు. జర్మనీ అంతటికీ ఒకే స్మృతి రాసేద్దామని తిబో అనే ఇంకో పండితుడు ప్రతిపాదిస్తే, 1814లో సావిన్యీ ఒక చిన్న పుస్తకంతో అడ్డుపడ్డాడు. చట్టం ఎవరో కూర్చుని రాస్తే పుట్టదు, భాషలాగే జనంలోంచి పెరుగుతుందని ఆయన వాదం. అలా చూస్తే తాను అంటే జనమే.

భాషనూ చట్టాన్నీ కలిపి చూడటం మనకు కొత్తేం కాదు. పదమూడో శతాబ్దంలో ఆంధ్రభాషాభూషణమని తెలుగులో తొలి వ్యాకరణం రాసిన కేతనే, విజ్ఞానేశ్వరుడి ధర్మశాస్త్ర గ్రంథం మితాక్షరను తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మాటకు నియమమూ మనిషికి నియమమూ ఒకే గంటం నుంచి వచ్చాయి.

కానీ సావిన్యీతో మన జిల్లాల్లో చిక్కుంది. ‘జనం’ అంటే ఏ జనం? గుణుపురం సంతలో ఒక్క గంట నిలబడితే తెలుగు, ఒడియా, సవర, కుయి నాలుగూ వినబడతాయి. సరిహద్దువాడికి సరిపోయే సిద్ధాంతం సరిహద్దువాడే రాయాలి. ఎర్లిక్ అనే న్యాయ పండితుడు రాశాడు. 1862లో చెర్నోవిట్స్‌లో పుట్టాడు, ఆస్ట్రియా సామ్రాజ్యం తూర్పు కొసన. ఇప్పుడది ఉక్రెయిన్‌లో ఉంది. రుమేనియన్లు, రుథేనియన్లు, జర్మన్లు, యూదులు, ఆర్మీనియన్లు, అందరికీ 1811 నాటి ఆస్ట్రియా సివిల్ కోడ్ ఒక్కటే. తీరా ఇళ్లలోకి వెళ్లి చూస్తే ఆస్తి పంపకం ఒక్కొక్కరిది ఒక్కో తీరు. కోడ్ పుస్తకంలో ఉంది, జనం వేరేగా నడుస్తున్నారు. ఆ నడకకు ‘బతికున్న చట్టం’ అని పేరు పెట్టి 1913లో గ్రంథం రాశాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిగారు ఏం చేస్తున్నారు? 1863లో పుట్టారు, ఎర్లిక్ కంటే ఏడాది చిన్న. సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, తెలుగు పండితులతో ‘పుస్తకంలో ఉన్నది కాదయ్యా, నోట్లో ఉన్నది భాష’ అని పోరాడుతున్నారు. ఇద్దరికీ ఒకరి పేరు ఒకరికి తెలిసి ఉంటుందని నేననను. అంచున ఉన్నవాడికి, పుస్తకానికీ బతుక్కీ మధ్య సందు ముందు కనబడుతుంది. ఎర్లిక్ మీదికి 1915లో కెల్సెనే వచ్చాడు, జనం చేసేది వేరు, చెయ్యాల్సింది వేరు, రెండూ కలపకు అని. గిడుగువారి మీదికి జయంతి రామయ్య పంతులుగారి గ్రాంథిక పక్షం వచ్చినట్టే. కెల్సెన్ వాదంలో బలం లేకపోలేదు. తప్పు పదిమందీ మాట్లాడితే ఒప్పవుతుందా అన్న ప్రశ్న మన గ్రూపులోనే వారం వారం వస్తోంది కదా.

పర్లాకిమిడి, లా విద్యార్థిని:
మాష్టారూ, ప్లీడరుగారూ, చాలా సాయం చేశారు. బతికున్న చట్టం అన్నారు కాబట్టి ఇంకొకటి అడుగుతాను, ఏమనుకోకండి. మా క్లాసులో ఒడియా అమ్మాయిలు మన మేనరికాలు వింటే ముక్కున వేలేసుకుంటారు. వాళ్లకు మేనమామ కొడుకంటే అన్నయ్యే. హిందూ వివాహ చట్టం ఇద్దరికీ ఒకటే. మరి ఆ చట్టం ఏ పక్షం?

బరంపురం, ప్లీడరు:
మంచి చోట పట్టుకున్నావు. 1955 చట్టం సెక్షన్ 3లో నిషేధ బంధుత్వాల జాబితా ఉంది. అన్నాచెల్లెళ్ల పిల్లలు అందులోకి వస్తారు, మేనమామా మేనకోడలూ వస్తారు. అంటే కాగితం మీద ఒడియావాళ్ల పక్షమే. సెక్షన్ 5 నాలుగో క్లాజులో మళ్లీ తలుపు తీశారు: ఇద్దరికీ వర్తించే ఆచారం ఒప్పుకుంటే ఆ పెళ్లి చెల్లుతుంది. ఈ తగువు చాలా పాతది. ధర్మసూత్రాలు రాసిన బౌధాయనుడు దక్షిణాదివాళ్ల ప్రత్యేక ఆచారాల్లో మేనమామ కూతుర్నీ మేనత్త కూతుర్నీ చేసుకోవడం చెప్పి, ఏ దేశంలో ఆ దేశపు ఆచారమే ప్రమాణమన్నాడు. ఇంకో ధర్మసూత్రకర్త గౌతముడు ఒప్పుకోడని కూడా ఆయనే రాశాడు. 1868లో రామనాథపురం కేసులో ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ వాళ్ల కాలంలో లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టు), హిందూ న్యాయంలో ఆచారం స్పష్టంగా రుజువైతే రాసిన శాస్త్రం కంటే అదే ఎక్కువ తూగుతుందని చెప్పింది. రాజ్యాంగం పదమూడో అధికరణం కూడా, చట్టబలం ఉన్న ఆచారాన్ని ‘చట్టం’ అన్న మాటలోనే కలిపింది.

కానీ ‘ఇద్దరికీ’ అన్న మాట గట్టిగా పట్టుకో. ఒక్క వైపు ఆచారం చాలదు. రుజువు లేకపోతే సెక్షన్ 11 కింద ఆ పెళ్లి చెల్లదు. సెక్షన్ 18 కింద నెల వరకు సాధారణ జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా కూడా ఉన్నాయి, ఆస్టిన్‌గారు సంతోషించేలా. రుజువంటే పెద్దల సాక్ష్యం, వెనకటి పెళ్లిళ్ల వివరాలు. ఆచారం కులానిదో ఊరిదో అయితే, అది చాలాకాలంగా, ఎడతెగకుండా, ఒకే తీరున నడిచిందని చూపాలి. ఒక్క కుటుంబానికే పరిమితమైన ఆచారమైతే ఇంకో షరతుంది: ఆ కుటుంబం దాన్ని మానేసి ఉండకూడదు. గంజాంలో తరాలుగా స్థిరపడి, ఒడియా ఇళ్లతో వియ్యమంది, మేనరికం మానేసిన తెలుగు ఇళ్లు ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఎవరో ఒకరు మళ్లీ మేనబావను చేసుకుంటానంటే, నేను ముందు అడిగేది ‘మీ కులంలో ఇప్పటికీ నడుస్తోందా, మీ ఇంట్లో మాత్రమేనా’ అని. మీ క్లాసులో మూట్ కోర్టు (విద్యార్థుల ఉత్తుత్తి కోర్టు) పెట్టినప్పుడు ఈ సమస్యే ఇమ్మను.