సమస్య: “నిప్పులోపల మీనమ్ము నిదురపోయె”

నిర్వాహకుడు: ఈ పాదం తట్టగానే ఆగలేక పెట్టేశాను. మత్స్యావతారం, మీనరాశి ఇదివరకే చాలాసార్లు వచ్చాయి. కొత్తదారి చూడండి.

పద్యప్రియ:
వెండి పానుదానునఁ జెక్కి వెలితులందు
నీలి పచ్చల గాజును నింపి కాల్ప
కరగి మెరుగెక్కి చల్లారి కదలకుండ
నిప్పులోపల మీనమ్ము నిదురపోయె

లక్నో వెండి పాన్‌దాన్ల (తమలపాకుల డబ్బాల) మీద ఉండే మీనా పని అండీ. లోహాన్ని గుంతలుగా చెక్కి, రంగు గాజుపొడి నింపి కొలిమిలో పెడతారు. నా చేప అదే.

గోదారిగట్టు: మీనా పారసీకం, మీనం సంస్కృతం. అయినా ఆ మలుపు అద్భుతం, “వెలితులందు” దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కానీ మూడో పాదంలో చల్లారిపోయింది, నాలుగులో మళ్లీ నిప్పులో ఎలా పడుకుంటుంది? కిందటిసారి మీ పద్యంలో తెల్లారాక వెన్నెల కాసింది.

పద్యప్రియ: నిజమే. “చల్లారి” తీసేసి “రంగులై” అంటాను. వెన్నెల సంగతి అప్పుడే ఒప్పుకున్నాను కదండీ. మరి మీరు ఇదివరకు ఒక పూరణలో బిద్రీ హుక్కాని మీనా పని అని రాశారే?

చార్మినార్‌వాసి: అది మాత్రం తప్పే. మా ఇంట్లో బిద్రీ డబ్బా ఉంది. జస్తం (జింక్), రాగి కలిపిన లోహంలో వెండి పొదుగుతారు, బీదర్ కోట మట్టి పట్టించి నలుపు తెస్తారు. మూత మీద వేలు పెట్టి చూస్తే వెండి పువ్వు ఎక్కడ మొదలైందో తెలియదు. అందులో గాజే ఉండదు.

గోదారిగట్టు: తప్పు నాదే, దిద్దుకుంటాను. నా పూరణ ఇంకా పూర్తి కాలేదు, ఒక్క పాదం చూడండి:
తెలుపు ముందుగాఁ గాల్చిరి తుదకు నెరుపు
ఎక్కువ వేడికి ఓర్చే రంగు ముందు, ఓర్వనిది చివర. వేడి కాస్త మించితే జైపూర్ ఎరుపు పాడైపోతుంది.

నిర్వాహకుడు: విషయం బంగారం, యతి పోయింది. తె–తు చెల్లదు.

పద్యప్రియ: ఇలా మార్చండి:
తొలుతఁ దెలుపును గాల్చిరి తుదకు నెరుపు
తొ–తు చెల్లుతుంది. నా పద్యం మొత్తం కన్నా మీ ఈ ఒక్క పాదం నాకు ఎక్కువ నచ్చింది. మిగతా రెండూ రాత్రికి పెట్టండి. మీ పద్యంలో డబ్బా పెడితే మాత్రం బంగారానిది చేయండి, ఎరుపు వెండి మీద అంత బాగా పలకదు.