మేడ మీది క్వయర్‌ని బలిపీఠం పక్కకి దించాలా?

కొత్తబెంచీ: మా విచారణ (పారిష్) గుడి పాతది. బలిపీఠం గోడకి ఆనించి కట్టారు, చుట్టూ చెక్కగూళ్లలో పునీతుల స్వరూపాలు. క్వయర్‌కి, అంటే పాటల బృందానికి, తలుపు పైన చెక్క మేడ. ఇప్పుడు మరమ్మతుల్లో మేడ తీసేసి, బలిపీఠం పక్కనే గట్టు కట్టి కీబోర్డు, తబలా, ప్యాడ్ అక్కడ పెడదామంటున్నారు కమిటీవాళ్లు. గోడ పీఠం కూడా తీసేస్తారట. ఆదివారం పూజ తర్వాత మీటింగ్. ఏం మాట్లాడమంటారు?

తబలా: దించాల్సిందే. పూజ చేసే గురువు ప్రజల వైపు తిరగాలి, గోడ పీఠాలు పోవాలి, క్వయర్ ముందుకి రావాలి అని రెండో వాటికన్ మహాసభ, 1960లలో బిషప్పులందరూ కూడిన సభ, ఎప్పుడో ఆజ్ఞ ఇచ్చింది. ఇంకా చర్చ దేనికి?

మేడమెట్లు: తబలా గారూ, ఆ ఆజ్ఞ ఏ పేరాలో ఉందో చూపించండి. దైవార్చన మీద మహాసభ 1963 డిసెంబర్ 4న ఇచ్చిన పత్రంలో గురువు ఎటు తిరగాలో ఒక్క మాట లేదు. చుట్టూ తిరగడానికి, ప్రజల వైపు నిలబడి పూజ చేయడానికి వీలుగా పీఠం గోడకి ఎడంగా ఉంటే మంచిదన్నది ఆ తర్వాత రోమ్ నుంచి వచ్చిన 1964 సెప్టెంబర్ ఉత్తర్వు. పాతవాటిని పడగొట్టమని అందులోనూ లేదు. ఇప్పటి పూజగ్రంథ నియమావళి 303వ పేరా చదవండి. పాత పీఠాన్ని దాని కళ చెడకుండా కదపలేకపోతే అలాగే ఉంచి, ముందు ఇంకో స్థిరమైన పీఠం కట్టుకోమంటుంది.

తబలా: మహాసభ చెప్పింది అమలు చేయడానికే కదా 1964 ఉత్తర్వు వచ్చింది? రెండూ ఒకటే.

మేడమెట్లు: ఒకటి కాదు. పేరా చూపించండి.

గల్ఫ్ అన్న: మేము ఇక్కడ అద్దె హాల్లో పూజ చేసుకుంటాం. మేడా లేదు, గోడ పీఠమూ లేదు. ఉన్నవాళ్లు కాపాడుకోండి.

దైవార్చన విద్యార్థి: పాటగాళ్ల చోటు ఏ కాలంలోనూ ఒకేలా లేదు. స్పెయిన్‌లో టొలెడో, సెవిల్ కతీడ్రళ్లలో గుడి నడిమధ్యన, ప్రధాన పీఠానికి ఎదురుగా, గోడలు లేపి లోపల గురువులు కూర్చుని పాడే ఆసనాలు పెట్టారు. పడమటి తలుపు నుంచి వచ్చినవాళ్లకి ముందు ఆ గోడే ఎదురవుతుంది. రోమ్‌లో జెసూట్ల (యేసుసభ గురువుల) జెసూ గుడి (1584లో అభిషేకమైంది) దానికి పూర్తిగా ఎదురు పద్ధతి. వాళ్ల సభలో గంటల జపాలు, అంటే రోజూ నిర్ణీత వేళల్లో చేసే జపాలు, అందరూ కూడి పాడే నియమం లేదు. ఆ ఆసనాల అవసరం లేదు కాబట్టి ఒకటే వెడల్పాటి హాలు కట్టారు, పీఠం అందరికీ కనబడుతుంది. గోవాలో 1605లో అభిషేకమైన బోం జీసస్ గుడి కూడా వాళ్లదే. అక్కడ గాయకుల మేడ ప్రవేశద్వారం పైన ఉంటుంది.

మేడని మరీ పవిత్రం చేయకండి. 1903లో పదో భక్తినాథ (పయస్) పోపు గారి ఉత్తర్వు ఆడవాళ్లని క్వయర్‌లో చేర్చుకోవద్దంది, గాయకులు జనానికి మరీ కనబడుతుంటే జాలీ అడ్డుపెట్టమంది. దైవార్చన సంగీతం మీద రోమ్ ఇచ్చిన 1967 మార్చి ఉత్తర్వు 23వ పేరాకి వచ్చేసరికి క్వయర్ ప్రజల్లో భాగమని తెలిసేలా కూర్చోవాలి, ప్రతి గాయకుడికీ సత్ప్రసాదం (కమ్యూనియన్) అందేలా ఉండాలి. ఆడవాళ్లున్న క్వయర్ పీఠస్థలం (బలిపీఠం ఉండే ఎత్తు చోటు) బయట ఉండాలని కూడా అదే పేరా అప్పట్లో చెప్పింది. బలిపీఠం పక్కన గట్టెక్కిస్తే క్వయర్ ప్రజల్లో భాగమని తెలియదు, కాబట్టి కమిటీ ఆలోచన నాకు సరిగా అనిపించడం లేదు.

తబలా: సత్ప్రసాదం మాట బాగా చెప్పారు. మేడ మీద వాయించి, ఆ ఇరుకు మెట్లు దిగి వచ్చేసరికి పంచడం అయిపోయేది. ఎన్ని ఆదివారాలు ఉత్త చేతులతో పైకెక్కానో నాకు తెలుసు. మేడమెట్లు గారికి పేరాలు కావాలి. మాకు దేవుడు కావాలి.

మేడమెట్లు: నాకు దేవుడు అక్కర్లేదనడానికి మీరెవరు? మా ఊరి గుడిలో క్వయర్ ముందుకొచ్చాక ఏం జరిగిందో వినండి. చిన్నప్పటి నుంచీ పాడినట్టే ‘పరిశుద్ధుడు’ గొంతెత్తి పాడితే, ఒక కుర్రాడు మైకులోనే “వెనకాల ఆంటీ, కొంచెం తగ్గించండి” అన్నాడు. గుడి మొత్తం తిరిగి చూసింది. ఆ తర్వాత ఆ గుడిలో నేను నోరు తెరవలేదు. వారం వారం యూట్యూబ్ నుంచి కొత్త పాట, నలుగురు పాడతారు, మిగతా అందరం చూస్తాం. మేడ మీది నుంచి పాడినప్పుడు చూడ్డానికి ఎవరూ కనబడేవారు కాదు. అందుకే అందరం పాడేవాళ్లం.

తబలా: మీ కోపం ఆ కుర్రాడి మీద. దానికి మమ్మల్ని మళ్లీ మేడ ఎక్కిస్తారా?

మేడమెట్లు: మేడ ఎక్కితే తక్కువైపోతారా?

తబలా: అవుతాం అమ్మా. అడిగారు కాబట్టి చెప్తున్నా. మా ఊళ్లో మేడ మీద పాడింది మా పేటవాళ్లు. కింద ముందు బల్లలు భూములున్న కుటుంబాలవి. మా తాత గొంతు అందరికీ కావాలి, ఆయన పక్కన కూర్చోవడం మాత్రం ఎవరికీ వద్దు. పండక్కి పాడి దిగితే పలకరించేవాళ్లు లేరు. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంతోని గారు 2022లో కార్డినల్ అయ్యారు, దళితుల్లోంచి మొదటి కార్డినల్. ఆ రోజు మా పేటంతా ఏడ్చింది. అయినా మా గుడిలో ముందు బల్ల ఎవరిదో ఇప్పటికీ అందరికీ తెలుసు. క్వయర్ ముందుకొస్తేనే మేం ముందుకొచ్చేది. నాకు పీఠం గోడకున్నా ఒకటే, మధ్యలో ఉన్నా ఒకటే.

గల్ఫ్ అన్న: మా ఊళ్లోనూ ఇంతే తమ్ముడూ.

మేడమెట్లు: బాబూ, ఈ మాట మొదటే అనాల్సింది. ముందు బల్లలు మీవి కూడా. కాదన్నవాళ్లతో నేనూ పోట్లాడతా. కానీ పాట మీ నలుగురిదే అవడానికి ఒప్పుకోను. ముందు కూర్చోండి, జనంలో కూర్చోండి, మైకు తీసేయండి.

దైవార్చన విద్యార్థి: అలాగైతే పీఠస్థలం మెట్టు కింద, ఒక పక్క ముందు బల్లలు క్వయర్‌కి ఇవ్వొచ్చు. కీర్తన చరణాలు పాడేవారికి ఒక్క మైకు, పల్లవి అందరూ పాడేలా. గోడ పీఠం జోలికి పోనవసరం లేదు.

తబలా: ఫ్యాన్లన్నీ తిరుగుతుంటే మైకు లేకుండా వెనక బల్లకి ఏం వినబడుతుంది? మైకు వదలం.

మేడమెట్లు: అయితే నెలకొక కొత్త పాట చాలు, అది కూడా పూజకి ముందు అందరికీ నేర్పించాలి.

కొత్తబెంచీ: గోడ పీఠం ఉంచమని, గట్టు వద్దని రాసిస్తాను. మేడ చెక్క చెదలు పట్టింది, దాన్ని మాత్రం ఆపలేను.

తబలా: ముందు బల్లలు ఏ కుటుంబానికీ సొంతం కావని కూడా రాయండి. ఫాదర్ గారితో సంతకం పెట్టించండి.