యుద్ధం తరువాతి బ్రిటన్‌లో పిల్లల దినచర్య గురించి వివరాలు తెలుపగలరా?

అందరికీ నమస్కారం. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక బ్రిటన్‌లో పెరిగిన పిల్లల రోజువారీ జీవితం గురించి, మా హైస్కూలు పిల్లలు చదువుకోవడానికి వీలుగా ఒక వ్యాసం రాస్తున్నాను.

పుస్తకాల ద్వారా కొంత తెలిసింది. యుద్ధం 1945లో ముగిసినా రేషన్, అంటే ఒక్కొక్కరు ఇంత సరుకే కొనాలన్న పరిమితి, పూర్తిగా తొలగింది 1954 జూలైలోనే. యుద్ధకాలంలో సైతం రేషన్ లేని బ్రెడ్డుకు 1946 జూలై నుంచి రెండేళ్లపాటు రేషన్ పెట్టారంటే ఆ ఇళ్లలో తల్లులు ఎంత నెట్టుకొచ్చి ఉంటారో ఊహించవచ్చు. మిఠాయిలపై 1949 ఏప్రిల్‌లో రేషన్ ఎత్తివేసి, గిరాకీకి సరుకు చాలక ఆగస్టులో మళ్లీ విధించారు. అది చివరికి 1953 ఫిబ్రవరి 5న తొలగింది. 1946 నుంచి బడిలో ప్రతి పిల్లవాడికీ చిన్న గాజు సీసాలో దాదాపు 190 మిల్లీలీటర్ల పాలు ఉచితంగా ఇచ్చేవారు. చలికాలంలో అవి గడ్డకట్టి, పైనున్న మూతను మీగడ పైకి నెట్టేదట.

నాకు అందనివి ఇంటి లోపలి సంగతులు. మిఠాయి కూపన్లు పిల్లల చేతికే ఇచ్చేవారా, తల్లి దగ్గరే ఉండేవా? బాంబులు పడి కూలిన ఇళ్ల స్థలాల్లో ఏ ఆటలు ఆడేవారు, పెద్దలు వారించేవారా? లండన్, కవెంట్రీ, హల్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువారు తమ ఇరుగుపొరుగు వృద్ధులను అడిగి చెప్పగలిగితే ఎంతో మేలు చేసినవారవుతారు. వారి పేర్లు అవసరం లేదు, ఊరు, సుమారు సంవత్సరం తెలిపితే చాలు.