‘ఫ్రెటెడ్ వాల్ట్’ అంటే ఏం కప్పు?

గోదారిగట్టు: డిగ్రీలో కంఠతా పట్టిన ఇంగ్లీషు కవి గ్రే ‘ఎలిజీ’ (పల్లెటూరి చర్చి శ్మశానం మీద రాసిన పద్యం) పాదం నిన్నట్నుంచి బుర్ర తొలిచేస్తోంది. ‘...లాంగ్ డ్రాన్ ఐల్ అండ్ ఫ్రెటెడ్ వాల్ట్’. ముందు మాటలేవో జారిపోయాయి. అయినా చర్చి కప్పు ఫ్రెట్ అవడమేంటి, చెద కొరికిందా?

పాత నిఘంటువు: ‘వేర్ త్రూ ద’. కొరుక్కుతినే ఫ్రెట్ వేరండీ. ఇది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, జాలీ అల్లిక అని. రాతికప్పు నిండా అల్లుకున్న చెక్కడం.

చెకుముకి: ఆ చెక్కడం స్టోక్ పోజెస్‌లో, అదే గ్రే పద్యంలోని శ్మశానం ఉందనే ఊళ్ళో, చూపించండి మరి! సెయింట్ గైల్స్ చర్చివి చెకుముకిరాతి గోడలు. బలిపీఠం ఉండే వైపు నార్మన్ల నాటిది, వాకిట్లో చెక్క పంచ, పక్కన ఎప్పుడో తర్వాత ఇటుకతో కట్టిన హేస్టింగ్స్ చాపెల్. పల్లెటూరి చర్చి, అంతే.

పాత నిఘంటువు: అక్కడ లేదనే కదా కవి అనేది! ఆ కప్పు కింద పడుకునేది గొప్పోళ్ళు, పల్లెజనం బయట యూ చెట్టు కింద. గ్రే కాపురం కేంబ్రిడ్జిలో. 1515లో పూర్తయిన కింగ్స్ కాలేజీ చాపెల్ కప్పు చూడండి, రాతి విసనకర్రలు విప్పినట్టుంటుంది.

గోదారిగట్టు: సరే, ‘ఐల్’కి నడవా అనేస్తే?

చెకుముకి: పెళ్ళికూతురు నడిచే దారనుకున్నారా? స్తంభాల వరసకి అవతల ఉండే పక్కభాగం అది. లాటిన్‌లో రెక్క. మధ్యలో ‘ఎస్’ దొంగ అక్షరం, ద్వీపమనే ‘ఐల్’ లోంచి దూరింది.

మండపం: మనకి అంకణం ఉందిగా?

పాత నిఘంటువు: అంకణం స్తంభాల మధ్య గడి. ‘లాంగ్ డ్రాన్’ అనాలంటే ఎన్ని అంకణాలు కలపాలో!

మండపం: అవన్నీ ఎందుకు, జాషువా ‘శ్మశానవాటి’ తీయండి. ‘ఇచ్చోటనే’ అని కవి కలాన్నీ రాజు ముద్రికనీ ఒకే బూడిదలో కలిపాడే, అది గ్రే నీడే.

చెకుముకి: ఒప్పుకోను. గ్రే గుడ్లగూబ ఐవీ అల్లుకున్న టవర్లో కూచుని చంద్రుడికి మొర పెట్టుకుంటుంది. జాషువా ‘ఘూకంబుల్’ దయ్యాలతో చెరలాడతాయి, పైన కారుమబ్బులు. నీడ పడడానికి చంద్రుడేడీ?

మండపం: గుడ్లగూబ రెండు చోట్లా ఉందని మీరే ఒప్పుకున్నారుగా!

గోదారిగట్టు: అయ్యా, ‘ఫ్రెటెడ్’కి ఓ తెలుగు మాట...

పాత నిఘంటువు: ఉండండి, ముందు ఈ ఘూకాల సంగతి తేలనివ్వండి.