అక్షౌహిణి: ఔత్వమూ, పద్దెనిమిదీ

పానగల్లు పచ్చల సోమేశ్వరాలయం గోడలమీది భారత శిల్పాలను పిల్లలకు చూపిస్తూ తాను "పద్దెనిమిది అక్షోహిణులు" అన్నానని, పక్కనే ఉన్న పెద్దాయన "అక్షౌహిణి" అని దిద్దారని, పైగా ఆ సేనాప్రమాణపు సంఖ్యల అంకెల్లోనే పద్దెనిమిది దాగి ఉందని చెప్పారని మన సభ్యులొకరు నిన్న రాశారు. ఆ రెండు మాటలకూ నా జవాబు ఇది.

దిద్దుబాటు సరైనదే. అయినా అక్షోహిణి అన్నవారిని పూర్తిగా తప్పు పట్టలేం. అకారానికి ఊకారం పరమైతే గుణసంధిలో ఓకారమే రావాలి కనుక, అక్ష, ఊహినీ కలిసినప్పుడు నోరు ఓత్వం వైపే పోతుంది. దాన్ని ఆపడానికే కాత్యాయనుడు "అక్షాదూహిన్యామ్" అని ప్రత్యేకంగా వార్తికం (పాణిని సూత్రాలకు చేర్చిన అదనపు నియమం) చెప్పి వృద్ధిని, అంటే ఔకారాన్ని, విధించాడు. నకారం ణకారం కావడానికి ముందున్న షకారమే కారణం.

ఇక సంఖ్య సంగతి. ఒక అక్షౌహిణిలో రథాలు 21,870, ఏనుగులు కూడా అన్నే, గుర్రాలు 65,610, కాల్బలం 1,09,350, అన్నీ కలిపి 2,18,700. వీటిలో దేని అంకెలు కూడినా 18 వస్తుందన్నది నిజమే. నల్లగొండలో పిల్లలకు లెక్కలు చెప్పేవాడిని కనుక, నాకు మాత్రం ఇందులో రహస్యం కంటే కారణమే ముందు కనబడుతుంది. అమరకోశం ప్రకారం ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాలిబంట్లు కలిస్తే పత్తి అనే చిన్న దళం. దాన్ని మూడింతలు చేస్తే సేనాముఖం, ఆపై ప్రతి మెట్టులోనూ మూడింతలవుతూ గుల్మం, గణం, వాహిని, పృతన, చమువు దాటి అనీకిని వస్తుంది. ఏడు మెట్లు కనుక అనీకినిలో రథాలు మూడుకు ఏడవ ఘాతం, అంటే 2,187. పది అనీకినులు ఒక అక్షౌహిణి. ఇన్ని మూళ్లున్న సంఖ్య తొమ్మిదికి గుణిజం కాక తప్పదు, తొమ్మిది గుణిజంలో అంకెల మొత్తమూ తొమ్మిది గుణిజమే అవుతుంది. 27 కాకుండా 18 ఎందుకొచ్చిందని అడగవచ్చు. 2,187 లాంటి నాలుగంకెల తొమ్మిది గుణిజాలు సరిగ్గా 1000 ఉంటే, వాటిలో 615 సంఖ్యలకు అంకెల మొత్తం 18. అంటే రాకపోతేనే కొంత వింత.

పాండవుల ఏడు అక్షౌహిణులు 15,30,900, కౌరవుల పదకొండు 24,05,700. వీటి అంకెలు విడివిడిగా కూడినా మళ్లీ 18 వస్తుంది, ఇది చూస్తే ఆ పెద్దాయన మరింత సంతోషిస్తారు. రెండు సేనలనూ కలిపితే మాత్రం 39,36,600 అవుతుంది. దాని అంకెల మొత్తం 27.